అత్త మీద కోపం... దుత్త ఏం చేసింది?

మార్చి నెలాఖరులో జరిగిన సంగతి ఇది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబుతున్నాను. ఎందుకంటే ఇలాంటిది నా ఒక్కదాని ఇంట్లోనే జరిగి ఉంటుందని నేననుకోను.

మాది అర్ధవీడు. కంభం దాటి వస్తే, నల్లమల కొండల కింద ఉన్న ఊరు. ఎండలు ముదిరితే మా వైపు ఆడవాళ్ల పనులు గడియారం చూసి కాదు, నీళ్ల ట్యాంకరు చూసి నడుస్తాయి. ఆ రోజు పదింటికి రావలసిన ట్యాంకరు ఒంటిగంటకు వచ్చింది. అంతసేపూ బిందెలకు కాపలాగా ఎండలో నిలబడ్డాను. పైపు దగ్గర తోపులాట, మాటా మాటా... ఎలాగో నాలుగు బిందెలు పట్టుకుని ఇంటికొచ్చేసరికి, వసారాలో కూర్చున్న మా అత్తయ్య అంది కదా...

"రాత్రంతా లైటేసుకుని కథలు రాస్తా ఉంటావు గదా... ఆ కాయితాలు పిండితే రెండు చుక్కల నీళ్లు రాలవా?"

పక్కింటి వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దావిడ. ఆమె కూడా పొద్దుటి నుంచీ ఉక్కలో మగ్గిపోయి ఉంది. ఏమనగలను? నవ్వి లోపలికెళ్లాను.

లోపల ఒంటిపూట బడి నుంచి వచ్చిన మా అమ్మాయి నేల మీద పుస్తకాలు పరుచుకుని లెక్కలు చేసుకుంటోంది. ఎనిమిదో తరగతి. నన్ను చూసి, బిందె అందుకుందామని గబుక్కున లేచింది. కాలు తగిలి పక్కనున్న మంచినీళ్ల చెంబు ఒలికింది. ఒక్క చెంబు! నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. పిల్ల చెంప ఛెళ్లుమంది. ఆ వెంటనే నా నోట్లోంచి ఒక మాట...

"నీ మొహానికి చదువొకటి!"

పిల్ల ఏడవలేదు. నా వంక చూసింది, అంతే. ఆ చూపుకి నేను నీరుగారిపోయాను. ఎందుకంటే ఆ మాట నాది కాదు. మా అమ్మది. సరిగ్గా అదే మాట, అదే గొంతుతో, నాకు పన్నెండేళ్లప్పుడు మా అమ్మ నన్నంది. ఆ రోజు నేనూ ఏడవలేదు. ఇలాగే చూశాను. పెద్దయ్యాక నా పిల్లల్ని మాత్రం ఈ మాట అనకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను కూడా.

డిగ్రీ చదివినదాన్ని. ఆడపిల్లల చదువు గురించి కథల మీద కథలు రాసినదాన్ని. మరి ఆ మాట నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే.

డీఎస్సీ పుస్తకంలో మన సామెత

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుంటే, ఎదురింటి అమ్మాయి పుస్తకం పట్టుకుని పైకి చదువుతోంది. బి.ఇడి. చేసి డీఎస్సీకి తయారవుతోంది. మనస్తత్వశాస్త్రంలో రక్షక తంత్రాల పాఠం. "దమనం, ప్రక్షేపణం, హేతుకీకరణం, విస్థాపనం..." అంటూ ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ వల్లె వేస్తోంది. "విస్థాపనం... అత్త మీద కోపం దుత్త మీద చూపడం!"

ఆ మాట నాకు చురుక్కుమని తగిలింది. "ఏదమ్మా, మళ్లీ ఒకసారి చదువు" అన్నాను.

"ఏందక్కా, నువ్వు గానీ డీఎస్సీ రాస్తావా?" అని నవ్వి, పుస్తకం నా చేతికే ఇచ్చింది.

మన మనసు భరించలేని సంగతి ఏదన్నా ఎదురైతే, అది మనల్ని నలిపెయ్యకుండా మనసు తనకు తెలియకుండానే కొన్ని ఎత్తులు వేస్తుంది. వాటినే రక్షక తంత్రాలన్నారు. వియన్నా డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్ మొదలుపెట్టిన ఆలోచన ఇది. ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో వీటన్నిటినీ వరసలో పెట్టి ఒక పుస్తకమే రాసింది.

పుస్తకం చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇవన్నీ మన అమ్మమ్మలకు తెలియనివా! తప్పు తనది పెట్టుకుని ఎదుటివాళ్ల మీదకు తోస్తే ప్రక్షేపణం. దానికి మనవాళ్లు 'ఆడలేక మద్దెల ఓడు' అన్నారు. దక్కనిదాన్ని అసలు మంచిదే కాదని సర్దిచెప్పుకుంటే హేతుకీకరణం. 'అందని ద్రాక్షపళ్లు పుల్లన' అన్నారు. లోపలున్న తప్పు ఒళ్లు బయటపెట్టేస్తే 'గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు' అన్నారు. కోపం రావలసిన చోట నోరు మూసుకుని, నోరులేని దాని మీద విరుచుకుపడితే... 'అత్త మీద కోపం దుత్త మీద.'

అత్తను అనలేని కోడలు పాలదుత్తను నేలకేసి కొట్టింది. దుత్తకు నోరులేదు కాబట్టి సరిపోయింది. పగిలినా కుండే కాబట్టి సరిపోయింది. నా ఇంట్లో దుత్త నా కూతురు!

ఒక్క సంగతి గమనించండి. ఆ క్షణంలో 'అత్తయ్య మీద కోపం వచ్చింది, పిల్ల మీద చూపిద్దాం' అని నేను లెక్క వేసుకోలేదు. అసలు నాకు అత్తయ్య మీద కోపం వచ్చిందనే తెలియదు. నవ్వాను కదా! ఈ పద్ధతి ప్రాణమంతా ఇక్కడే ఉంది. మనం ఎరిగిన మనసు వెనక, మనం ఎరగని మనసు ఇంకొకటి ఉంది. మనం మింగేశామనుకున్నవి, మరిచిపోయామనుకున్నవి అక్కడికి చేరతాయి. అచేతన మనసు అని దానికి పేరు. అక్కడున్నవి ఊరికే పడి ఉండవు. కదులుతుంటాయి, తోసుకుంటాయి, వేరే వేషంలో బయటికొస్తాయి. కోపంగా, కలగా, నోరుజారిన మాటగా, ఒక్కోసారి ఒంట్లో నొప్పిగా. ఇలా లోపలి తోపులాటల్ని బట్టి మనిషి నడతను అర్థం చేసుకోవడాన్నే సైకోడైనమిక్ పద్ధతి అంటున్నారు.

మాకు దీన్ని చెప్పడానికి కంభం చెరువు చాలు. గుండ్లకమ్మ నీళ్లకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్టిన చెరువు. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెప్పుకుంటారు. వందల ఏళ్ల నాటి ఆ కట్ట ఇంకా నిలిచి ఉందంటే కట్ట గట్టిది కావడం ఒక్కటే కారణం కాదు. దానికి తూములున్నాయి, అలుగు ఉంది. నీళ్లు పోయే దారి లేకుండా ఎంత గట్టి కట్ట వేసినా ఏదో ఒక రాత్రి తెగుతుంది. తెగినప్పుడు కింద ఎవరి పొలం ఉందో చూడదు. మనకు చిన్నప్పటి నుంచీ కట్టలు వేయడం నేర్పారు. 'ఓర్చుకో, సర్దుకో, నోరెత్తకు.' తూము సంగతి ఎవరూ చెప్పలేదు.

మంచినీళ్లు తాగలేకపోయిన అమ్మాయి

ఈ శాస్త్రం ఒక ఆడపిల్ల మంచం పక్కన మొదలైందని మీకు తెలుసా? ఆమె పేరు బెర్తా పాపెన్‌హైమ్. వియన్నాలో 1859లో పుట్టింది. కలిగిన కుటుంబం. చురుకైన పిల్ల. అయినా మగపిల్లలకు దొరికిన పైచదువు ఆమెకు దొరకలేదు. 1880లో తండ్రి మంచాన పడ్డాడు. రాత్రిళ్లు మేలుకుని ఆయనకు సేవ చేసింది. చేస్తూ చేస్తూ తనే కూలబడింది. చెయ్యి పట్టుతప్పింది, చూపు చెదిరింది, ఒక దశలో మాతృభాష జర్మన్ మరిచిపోయి ఇంగ్లీషే మాట్లాడింది.

వైద్యుడు జోసెఫ్ బ్రాయర్ ఆమెను చూడటానికి వచ్చేవాడు. ఒక ఎండాకాలం ఆమె నీళ్లు తాగడం మానేసింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా గ్లాసు పెదాలకు ఆనగానే తోసేసేది. కొన్ని వారాలు పళ్లతోనే గడిపింది. ఒకరోజు మగతలో ఉన్నట్టుగా ఒక సంగతి చెప్పుకొచ్చింది. ఇంట్లో తనకు తోడుగా పెట్టిన ఒకావిడ, తన కుక్కపిల్ల చేత గ్లాసులో నీళ్లు తాగించడం చూసిందట. ఒళ్లంతా అసహ్యంతో జలదరించింది. కానీ మర్యాద కాదని పెదవి విప్పలేదు. అప్పుడు అణుచుకున్న ఆ కోపమంతా వెళ్లగక్కి, నీళ్లు అడిగి గటగటా తాగేసిందట!

మర్యాద కోసం మింగిన ఒక్క మాట... గొంతులో నీళ్లకే అడ్డం పడింది. నవ్వి లోపలికెళ్లిన నాకు ఇది చదివినప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇలా మాట్లాడి తేలికపడటానికి ఆమే ఒక పేరు పెట్టింది... మాటల వైద్యం. తమాషాకి పొగగొట్టం దులపడం అని కూడా అనేదట. కట్టెల పొయ్యి మీద వండిన వాళ్లకు ఆ మాట ఇట్టే అర్థమవుతుంది. మసి దులపకపోతే పొగ ఇంట్లోకే తిరగబడుతుంది కదా! బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో వేసిన పుస్తకంలో ఆమె కథ 'అన్నా ఓ' అనే మారుపేరుతో వచ్చింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఆ తర్వాత కూడా ఆమె చాలాకాలం ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. చివరకు నిలదొక్కుకుంది. అనాథ పిల్లల కోసం, మోసపోయిన ఆడపిల్లల కోసం పనిచేసింది. 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘాన్ని స్థాపించింది. ఆమె ముఖంతో పశ్చిమ జర్మనీ 1954లో తపాలా బిళ్ల వేసింది. మాటలు ఆమెకు ఊపిరి సలిపే దారి చూపించాయి. నిలబెట్టింది మాత్రం ఆమె పని. మన ఆడవాళ్లకు రెండూ కావాలి.

ఎక్కడో వియన్నా గొడవ మనకెందుకు అనకండి. ఈ చదువు మన దేశానికి వచ్చి వందేళ్లు దాటింది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే వైద్యుడు 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘాన్ని పెట్టాడు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపాడు. ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు, 1931లో, కలకత్తా వాళ్లు పంపిన దంతపు విష్ణుమూర్తి బొమ్మ ఆయన రాసుకునే బల్ల మీదికి చేరింది.

మన తెలుగులోకి ఇది వైద్యుల కంటే ముందు నవలల ద్వారానే ఎక్కువగా వచ్చిందనిపిస్తుంది నాకు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు తనలో తనే తగువుపడి కూలిపోతాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని తల్లి గురించి లోకం అన్న మాటలు వదిలిపెట్టవు. ఏ ఊరెళ్లినా, ఏ స్త్రీకి దగ్గరైనా ఆ నీడ అతనికంటే ముందు వెళ్లి కూర్చుంటుంది. కాలేజీలో చదివినప్పుడు 'ఇతనికి ఇంత బాధ ఎందుకబ్బా' అని విసుక్కున్నాను. ఇప్పుడు విసుక్కోను. చిన్నప్పుడు పడిన మాట ఎంత దూరం నడిచి వస్తుందో మార్చి నెలాఖరులో నా వంటింటి గడపలోనే చూశాను కదా.

ఉయ్యాల దగ్గర నీడలు

ఈ సంగతి మీద నేను చదివిన వాటిలో నన్ను కుదిపేసింది అమెరికాలో సెల్మా ఫ్రైబర్గ్ అనే ఆవిడ తన సహచరులతో కలిసి 1975లో రాసిన వ్యాసం. పసిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఉయ్యాల దగ్గర కొన్ని దయ్యాలు తచ్చాడుతుంటాయి అంటుందామె. దయ్యాలంటే మరేం కాదు, తల్లిదండ్రుల మరపున పడిన చిన్ననాటి బాధలు.

అందులో ఒక తల్లి కథ ఉంది. చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ తల్లికి వినపడనట్టే ఉంటుంది. చెవుడు లేదు. చూసినవాళ్లు రాక్షసి అనుకుంటారు. ఫ్రైబర్గ్ బృందం మాత్రం ఒక ప్రశ్న వేసుకుంది. ఈ తల్లికి బిడ్డ ఏడుపు ఎందుకు వినిపించడం లేదు? ఆమెను తిట్టలేదు. పాఠాలు చెప్పలేదు. ఆమె బాల్యం అడిగారు. పట్టించుకునేవాళ్లు లేక, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూ పెరిగిన పిల్ల ఆమె. అదంతా ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పిందట, కంట తడి లేకుండా. వింటూ పోయారు. ఒకనాటికి ఆమెకు ఏడుపు వచ్చింది. తన ఏడుపు ఒకరు విన్నాక, బిడ్డ ఏడుపు ఆమెకు వినిపించడం మొదలైంది. ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

ఆ వ్యాసంలో ఉన్న అసలు సంగతి ఇది. చిన్నప్పుడు దెబ్బలు తిన్న ప్రతివాళ్లూ పిల్లల్ని కొట్టరు. జరిగింది గుర్తుండటం వేరు, అప్పటి నొప్పి గుర్తుండటం వేరు. నొప్పి గుర్తున్నవాళ్లు ఆ నొప్పిని పిల్లలకు పంచకుండా ఆగగలుగుతారు. నొప్పిని పాతిపెట్టినవాళ్ల చేతులే తెలియకుండా లేస్తాయి.

నా ఒట్టు ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది. ఒట్టు గుర్తుంది. అమ్మ అన్న మాట గుర్తుంది. ఆ రోజు గొంతులో ఉండ కట్టిన ఏడుపు మాత్రం నేనెప్పుడూ బయటికి రానివ్వలేదు. 'మా అమ్మ మంచిదే, ఏదో కష్టంలో అనింది' అని సర్ది మూట కట్టేశాను.

మూట విప్పాలనిపించి మా పుట్టింటికి వెళ్లాను. గిద్దలూరు వైపు పల్లె. అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. నేనూ ఎదురుగా కూర్చుని తీస్తూ అడిగాను. "అమ్మా, నా చిన్నప్పుడు 'నీ మొహానికి చదువొకటి' అన్నావు, గుర్తుందా?"

"నేనా? నిన్నా? పోవే... పాలమ్మి నీకు ఫీజులు కట్టింది నేను గదా!"

అదీ నిజమే. పాలమ్మి నన్ను చదివించిన మనిషి అమ్మే. ఆ మాట అన్న మనిషీ అమ్మే. ఆమెకు ఒకటే గుర్తుంది. నేను రెట్టించలేదు. చాలాసేపటికి, చేతిలో పని ఆపకుండానే తనే మొదలుపెట్టింది.

"అయిదో తరగతి అయినాక అయ్యవారు ఇంటికొచ్చి చెప్పాడు, పిల్ల బాగా చదువుతుంది, ఆరో తరగతికి పెద్దబడికి పంపించండి అని. మా నాయన తలూపినాడు. అయ్యవారు పోయినాక నా మార్కాపురం పలక తీసుకుని బయటికి ఇసిరినాడు. 'నీ మొహానికి చదువొకటి, పోయి బర్రెను తోలకరా' అన్నాడు..."

అమ్మ ఆగింది. చేతులూ ఆగాయి. తను ఏం చెప్పిందో తనకే అప్పుడు వినిపించినట్టుంది. నా వంక చూసి, "అయితే నిన్నన్నానేమోలే" అంది. చింతపండు చేత్తోనే కళ్లు తుడుచుకోబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అరవై ఏళ్ల మనిషి. యాభై ఏళ్ల నాటి పలక కోసం అప్పుడు ఏడ్చింది.

మా తాత అన్న మాట అమ్మ నోటి మీదుగా నాకు, నా నోటి మీదుగా నా కూతురికి! నగానట్రా ఆగిపోయినా ఇలాంటివి మాత్రం ఎంత భద్రంగా చేతులు మారతాయో చూడండి.

అలాగని అన్నీ అమ్మ తప్పే కాదు

ఈ చదువులో ఒక ప్రమాదం కూడా ఉంది. అది చెప్పకపోతే మోసం చేసినట్టే. మనసు లోతులు తవ్వడం మొదలుపెడితే పార మొదట తగిలేది అమ్మకే. ఏ మనిషికి ఏం జరిగినా 'తల్లి సరిగ్గా పెంచలేదు' అనేయడం తేలిక. బ్రిటన్‌లో పిల్లల డాక్టరు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ తల్లులకు ఒక మంచిమాట చెప్పాడు. బిడ్డకు లోపం లేని తల్లి అక్కర్లేదు, ఫరవాలేదనిపించే తల్లి చాలు అని. పొరపాట్లు చేస్తుంది, దిద్దుకుంటుంది. ఆ దిద్దుకోవడంలోనే బిడ్డ లోకాన్ని నేర్చుకుంటుంది. ఈ మాట ప్రతి బాలింత మంచం దగ్గరా చెప్పాలనిపిస్తుంది నాకు.

ఫ్రాయిడ్ చెప్పిందంతా వేదమూ కాదు. ఆడదానిలో ఏదో లోటుందని, మగవాణ్ని చూసి ఆమె కుములుతుందని ఆయన రాసిన మాటల్ని కరెన్ హార్నీ అనే మనోవిశ్లేషకురాలు 1920లలోనే ఎదుర్కొంది. ఆడది అసూయపడేది మగవాడి శరీరం చూసి కాదు, సమాజం అతనికిచ్చిన స్వేచ్ఛ చూసి అంది. ఎంత నిజం! మా అమ్మ పలక లోటు ఆమె ఒంట్లో ఉన్న లోటా? బయటికి విసిరిన చేతిలో ఉన్న లోటా?

అందుకే ఇంకో మాట. ట్యాంకరు మూడు గంటలు ఆలస్యంగా రావడం నా మనసు జబ్బు కాదు. దానికి మందు కుళాయి. అది అడగవలసిన చోట గట్టిగా అడగాలి. అడగవలసిన చోట అడగలేకపోయినప్పుడే కదా, ఆ కోపం ఇంటికొచ్చి దుత్తను వెతుక్కునేది!

మా వీధి చివర ఒక కోడలు ఉండేది. నోట్లో నాలుక లేని పిల్ల అనేవారు. ఉన్నట్టుండి ఒకరోజు ఒళ్లు విరుచుకుని పడిపోయింది. గాలి సోకిందన్నారు. ఇంకోసారి అమ్మవారు పూనిందన్నారు. పూనినప్పుడు ఆ పిల్ల గొంతు మారేది. 'నన్ను పుట్టింటికి ఎందుకు పంపరు?' అని అరిచేది. అత్త పసుపునీళ్లు తెచ్చి కాళ్లు కడిగేది. మామూలు గొంతుతో అడిగితే ఎవరూ వినని మాట, ఆ గొంతుతో అడిగితే ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని విన్నారు. ఎవరి నమ్మకాన్నీ నేను కాదనడం లేదు. ఆ పిల్లకు తను నటిస్తున్నానన్న ఊహ కూడా ఉండి ఉండదు. మంచినీళ్లు తాగలేకపోయిన బెర్తా నటించిందా? నోరు మూసేస్తే ఒళ్లు మాట్లాడుతుంది, అంతే.

అయితే ఒకటి మరవద్దు. ఒళ్లు విరుచుకు పడిపోయినప్పుడు ముందు డాక్టరుకు చూపించాలి. అది మూర్ఛవ్యాధి కావచ్చు, దానికి మందులున్నాయి. తలనొప్పి, కడుపునొప్పి, గుండెదడ... ఏదైనా అంతే. పరీక్షలన్నీ బాగున్నాయన్నాక కూడా నొప్పి ఉంటే 'నాటకాలు' అని కొట్టిపారేయకూడదు. అప్పుడు అడగవలసింది 'ఎక్కడ నొప్పి?' ఒక్కటే కాదు, 'ఏం జరిగింది?' అని కూడా.

తూము ఎక్కడ తీయాలి?

మా బోటి ఊళ్ల నుంచి మానసిక వైద్యుల దగ్గరకు పోవాలంటే ఒంగోలో గుంటూరో పోవాలి. బస్సు చార్జీల కంటే 'పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందంట' అనే మాట ఎక్కువ భయపెడుతుంది. ఆ భయం లేకుండా ఇంట్లోంచే మాట్లాడొచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చీరల ధర, గ్యాసు నంబరు రాసుకునే గోడ క్యాలెండరు మీద ఇది కూడా రాసుకోండి. మనసు మరీ కుంగిపోతే, నిద్రాహారాలు పోతే, చావు తలపులు వస్తే ఆలస్యం చేయకండి. మందులు అవసరమైనచోట మందులు వాడవలసిందే. మాటల వైద్యంలోనూ ఇప్పుడు రకరకాల పద్ధతులున్నాయి. నేను చెబుతున్నది అందులో ఒకటి.

ఇక రోజువారీ సంగతులకు మనమే చిన్న తూములు తీసుకోవచ్చు. నేను పెట్టుకున్న అలవాటు ఒకటే. చెయ్యి లేవబోయినప్పుడు, గొంతు లేవబోయినప్పుడు ఒక్క ప్రశ్న... 'ఈ కోపం ఎవరిది?' ఒలికిన చెంబుదా? కాదే! మరి అంతకుముందు ఎవరేమన్నారు? ఎక్కడ నవ్వి ఊరుకున్నాను? నాలుగుసార్లలో మూడుసార్లు ఆ ప్రశ్న ఆలస్యంగానే గుర్తొస్తోంది. ఫరవాలేదు. కొట్టాక గుర్తొచ్చినా దిద్దుకోవడానికి దారి ఉంటుంది.

పుట్టింటి నుంచి వచ్చిన రాత్రి మా అమ్మాయి పక్కన పడుకుని చెప్పాను. "ఆ రోజు నిన్ను కొట్టడం నా తప్పు. అన్న మాట ఇంకా తప్పు. నువ్వు చదువుకోవాలి." పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"నువ్వు కొట్టింది నీళ్లు పోసినందుకా, నాయనమ్మ అన్నందుకా?"

కిటికీలోంచి అంతా వినిందన్నమాట! మూడు పుస్తకాలు తిరగేసి నేను తెలుసుకున్నది పదమూడేళ్ల పిల్లకు ఆ క్షణాన్నే తెలుసు. పిల్లలకు మనం దాచేది ఏమీ ఉండదు, మనకు మనం దాచుకునేదే అంతా.

మర్నాడు పొద్దున అత్తయ్య కాఫీ తాగుతుంటే పక్కన కూర్చున్నాను. "అత్తయ్యా, నలుగురి ముందు నా రాతల మీద అట్లా అంటే నాకు చాలా బాధేసింది" అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెతో అలా అనడం అదే మొదటిసారి. గుండె దడదడలాడింది.

ఆమె ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టి లోపలికెళ్లిపోయింది. సాయంత్రం దాకా ముభావంగానే ఉంది. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఆమె అత్త ఆమెను ఏమన్నదో, ఆమె ఎక్కడ నవ్వి ఊరుకుందో... నేనింతవరకూ అడగలేదు. ఒకరోజు అడుగుతాను.

అప్పటిదాకా ఒకటే తృప్తి. ఆ పూట మా ఇంట్లో ఏ దుత్తా పగల్లేదు.